నిరోప్ సమారంభ్ తర్వాత

మహారాష్ట్రలోని రాజురాలో జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో పన్నెండో తరగతి పిల్లలకు నిరోప్ సమారంభ్, అంటే వీడ్కోలు సభ, జరుగుతుంది. పదకొండో తరగతి వాళ్లు హాలు అలంకరిస్తారు. ఆడపిల్లలు అమ్మ చీరో అక్క చీరో కట్టుకుని వస్తారు. ప్రిన్సిపాల్ మరాఠీలో నాలుగు మంచి మాటలు చెబుతారు, ఒకరిద్దరు మైకు ముందు గొంతు పెగలక ఏడ్చేస్తారు, ఆ తర్వాత ఫొటోలు, ఫలహారాలు. చీకటి పడే సరికి అందరూ ఇళ్లకు చేరతారు. కొద్ది వారాల్లో బోర్డు పరీక్షలుంటాయి కాబట్టి ఏడుపు కూడా అక్కడితో ఆగిపోతుంది. మార్చిలో ఆఖరి పేపరు రాసి బయటికొచ్చాక ఇక బడితో పని అయిపోయిందని నువ్వనుకుంటావు.

అయిపోలేదు. ఫలితాలు మే నెలలో వస్తాయి. కాలేజీలో మొదటి క్లాసు జులైలోనో ఆగస్టులోనో ఉంటుంది. బడికి నిజంగా వీడ్కోలు చెప్పేది మార్చి నుంచి అప్పటిదాకా ఉన్న ఈ నాలుగైదు నెలల్లోనే. సరిచేయించుకోవాల్సిన కాగితాలు, కలవాల్సిన మనుషులు, ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతులు అన్నీ అప్పుడే ముందుకొస్తాయి. బడి వదలడం కూడా ఒక పని. దాన్ని సగంలో వదిలేసిన పిల్లలు కాలేజీలో మొదటి ఏడాదంతా ఆఫీసుల చుట్టూ తిరుగుతూ, ఊరి మీద బెంగతో గడిపేస్తారు. రాజురా తాలూకాలో తెలుగింటి పిల్లలకు ఈ పని మిగతావాళ్లకంటే కాస్త ఎక్కువ. కారణం ఈ ఊరి చరిత్రలోనే ఉంది.

ఊరు కదలకుండా రాష్ట్రం మారిన ఇళ్లు

1956 దాకా రాజురా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఒక తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో బొంబాయి రాష్ట్రానికి పోయి నాందేడ్ జిల్లాలో చేరింది. 1959లో చాందా జిల్లాకు, అంటే ఇప్పటి చంద్రపూర్‌కు వచ్చింది. మరుసటి ఏడు మహారాష్ట్ర ఏర్పడింది. మీ తాతలు ఇల్లు కదలకుండానే మూడు రాష్ట్రాలు చూశారు. ఆ తర్వాత బొగ్గు గనులు పెరిగాయి, గడ్‌చాందూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. పని కోసం మంచిర్యాల, కరీంనగర్ వైపు నుంచి ఇంకొన్ని కుటుంబాలు వచ్చి సాస్తి, బల్లార్పూర్ చుట్టుపక్కల స్థిరపడ్డాయి.

అందుకే నీ రోజు ఇలా నడుస్తుంది: ఇంట్లో అవ్వా బాపులతో తెలుగు, క్లాసులో మరాఠీ, బజార్లో హిందీ, పక్క బెంచీ దోస్తు గోండీ మాట్లాడితే అందులోనూ నాలుగు ముక్కలు. జీవతి కొండల్లో మహారాష్ట్ర, తెలంగాణ రెండూ తమవేనంటున్న పల్లెల్లో ఒకే ఊళ్లో మరాఠీ బడీ ఉంటుంది, తెలుగు బడీ ఉంటుంది. ఇంత భాష ఉండి కూడా మన పిల్లలు తమకేదో తక్కువైందని అనుకుంటారు. బడిలో వీళ్లను తెలుగోళ్లంటారు. సిర్పూర్‌లో మేనమామ ఇంటి పెళ్లికి వెళితే, వీళ్లు మరాఠోళ్లయ్యారని నవ్వుతారు. రెండు చోట్లా పరాయివాణ్నన్న ఆలోచనతో కాలేజీలో అడుగుపెట్టే పిల్లాడు నోరు విప్పడు. ఆ ఆలోచన పోవాలంటే ఒక మనిషి సంగతి తెలుసుకోవాలి.

1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరం పాడారు. నిజాం ప్రభుత్వం పాడొద్దంది. మాననివాళ్లను చదువుల్లోంచి తీసేసింది. ఆ గాలి వరంగల్ కాలేజీ దాకా వీచింది. అలా చదువు ఆగిపోయినవాళ్లలో పదిహేడేళ్ల పాములపర్తి వేంకట నరసింహారావు ఒకరు. సంస్థానంలో తలుపులు మూసుకుపోయిన ఆ పిల్లల్ని నాగ్‌పూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. వరంగల్ నుంచి నాగ్‌పూర్‌కు రైలు దారి అప్పుడూ ఇప్పుడూ ఒకటే. కాజీపేట, సిర్పూర్ దాటి, రాజురా పక్కనున్న మాణిక్‌గఢ్ మీదుగా వర్ధా నది దాటి బల్లార్షా చేరుతుంది. ఆ రోజుల్లో నదికి ఇవతల రాజురాలో నిజాం పాలన, అవతల బల్లార్పూర్‌లో బ్రిటిష్ పాలన. ఉస్మానియా చదువు ఉర్దూలో, నాగ్‌పూర్ చదువు ఇంగ్లీషులో. వీధిలోకొస్తే మరాఠీ.

తోటివాళ్లు వీడ్కోలు పలికి పంపించిన ప్రయాణం కాదది. అయినా ఆ కుర్రాడు నాగ్‌పూర్‌లో, తర్వాత పుణె ఫెర్గూసన్ కాలేజీలో, మళ్లీ నాగ్‌పూర్‌లో లా చదువుతూ గడిపిన ఏళ్లలో మరాఠీని సొంతం చేసుకున్నాడు. ఎంతగా అంటే, హరి నారాయణ్ ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితం’ పేరుతో తెలుగులోకి తెచ్చేంతగా. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను ఆయనే హిందీలోకి అనువదించారు. 1984 ఎన్నికల్లో సొంతగడ్డ హనుమకొండలో ఓడిపోయారు. అదే ఎన్నికల్లో నాగ్‌పూర్ పక్కనున్న రాంటెక్ ఆయన్ను గెలిపించింది. 1989లోనూ అక్కడి నుంచే లోక్‌సభకు వెళ్లారు. 1991లో ప్రధానమంత్రి అయ్యారు.

ఈ కథ చెప్పింది నువ్వు కూడా ప్రధానమంత్రి కావాలని కాదు. ఆయన ఇల్లు విడిచి పోయి సంపాదించుకున్న మరాఠీ నీకు ఐదో ఏటికే వచ్చేసింది. ఆయనకు పుట్టుకతో వచ్చిన తెలుగు నీకూ ఉంది. అయితే ఒక తేడా ఉంది. మన రాజురా పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వస్తుంది గానీ రాత రాదు. బస్సు మీద ఆసిఫాబాద్ అని తెలుగులో రాసి ఉంటే కూడబలుక్కుని చదువుతారు. పరీక్షలైపోయాక చేతినిండా తీరిక ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తెలుగు అక్షరాలు నేర్చుకో. చదవడం వచ్చిన నాయనమ్మో మేనత్తో ఉంటే రోజూ ఒక గంట పక్కన కూర్చో. నీకు దేవనాగరి ఇప్పటికే వచ్చు కాబట్టి అచ్చులు, హల్లులు, గుణింతం వరస చాలావరకు కొత్తగా నేర్చుకోనక్కర్లేదు, ముఖ్యంగా ఆకారాలు గుర్తుపెట్టుకుంటే చాలు. కాలేజీ తెరిచే నాటికి తెలుగు పత్రిక ఒకటి తడుముకోకుండా చదవగలిగితే నీ భాష నీకు పూర్తిగా దక్కినట్టే.

రిజిస్టరులో నీ వరస

ఇప్పుడు ఈ అధ్యాయంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వద్దాం. వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో ఆఫీసు కాగితాల గోల ఎందుకని అనిపించొచ్చు. కాగితం సరిగా లేక సీటు పోగొట్టుకున్న పిల్లాడికి ఏ ఆత్మవిశ్వాసం పాఠం చెప్పినా ఎక్కదు.

ప్రతి బడిలోనూ జనరల్ రిజిస్టర్ అని ఒక పెద్ద అట్ట పుస్తకం ఉంటుంది. ఒక్కో పిల్లాడికి ఒక్కో వరస. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, మతం, కులం, పుట్టిన ఊరు, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, ఇంతకు ముందు చదివిన బడి, ఈ బడిలో చేరిన రోజు. నువ్వు బడి వదిలేటప్పుడు ఇచ్చే దాఖలా, మనం టీసీ అనేది, ఆ వరసను చూసి రాసిందే. అందులో తప్పుంటే బడిలో చదువుతుండగానే దిద్దించుకోవాలి. ఒకసారి పేరు కొట్టేసి దాఖలా చేతికిచ్చాక పుట్టిన తేదీనో కులాన్నో మార్చడం చాలా కష్టం. కాబట్టి దాఖలా తీసుకోవడానికి వెళ్లేముందే, వీలైతే పన్నెండో తరగతిలో ఉండగానే, క్లర్కును అడిగి నీ వరస చూడు. వేలు పెట్టి ఒక్కో గడీ చదువు. పక్కన మీ బాపును నిలబెట్టుకో.

తప్పులు ఎక్కడ దొర్లుతాయో చెబుతాను. మొదటిది పేరు. మహారాష్ట్రలో ముందు ఇంటిపేరు, తర్వాత పిల్లాడి పేరు, ఆ వెనక తండ్రి పేరు రాస్తారు. తెలంగాణ వైపు తండ్రి పేరు మన పేరులో కలవదు. మేనమామ ఊళ్లో పుట్టిన పిల్లకు అక్కడి జనన ధ్రువపత్రంలో ఒక పేరు, ఇక్కడ మార్కుల పత్రంలో ఇంకో పేరు, ఆధార్‌లో మరో వరస. ప్రవేశాల పోర్టల్‌లో ఈ మూడూ కలవకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

రెండోది ఇంటిపేరు చివర వచ్చే ‘వార్’. చంద్రపూర్ జిల్లాలో తెలుగు మూలాలున్న ఇళ్లలో ఇది మామూలే. తాత కాగితంలో ఉత్త ఇంటిపేరుంటుంది, తండ్రి కాగితంలో వార్ తగిలి ఉంటుంది, పెదనాన్న కాగితంలో అది వేరే అక్షరంతో ఉంటుంది. ఇంట్లో ఎవరికీ పట్టదు. కుల పరిశీలన సమితి ముందు మాత్రం ఈ ముగ్గురూ ఒకే వంశమని నువ్వే రుజువు చూపాలి.

రిజర్వేషన్ సీటు కావాలంటే మహారాష్ట్రలో కులం సర్టిఫికెట్ ఒక్కటీ సరిపోదు. ఈ సమితి పరిశీలించి ఇచ్చే వ్యాలిడిటీ సర్టిఫికెట్ కూడా ఉండాలి. దానికి పదకొండు, పన్నెండు తరగతుల్లో ఉండగానే కాలేజీ ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. చాలామంది ఫలితాలొచ్చాక పరుగెడతారు. అప్పుడు జిల్లా మొత్తం అదే కిటికీ ముందు ఉంటుంది. ఆ సమితి అడిగే పాత రుజువు ఎప్పటిదో తెలుసుకో. ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబరు 6, విముక్త జాతులు, సంచార జాతులకు 1961 నవంబరు 21, ఓబీసీలకు 1967 అక్టోబరు 13. ఈ తేదీలకు ముందు నుంచే మీ కుటుంబం ఈ నేల మీద ఉందని చూపించాలి. 1950లో రాజురా ఆదిలాబాద్ జిల్లాలోది. నిజాం కాలంలో అక్కడి సర్కారు భాష ఉర్దూ. మీ ముత్తాత బడి రిజిస్టరో భూమి కాగితమో దొరికితే అది ఉర్దూలో ఉండొచ్చు, దాన్ని అనువాదం చేయించాల్సి రావొచ్చు. దానికి పట్టే రోజులు లెక్కలో ఉంచుకో. ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఉన్న ఆ పాత మడత కాగితాన్ని ఎవరూ పారేయకుండా చూడు.

పని కోసం తర్వాత వచ్చిన కుటుంబాల సంగతి వేరు. వాళ్లకు ఒక చేదు నిజం ముందే తెలియాలి. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నే తేల్చింది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయిలో చదువుకున్న ఆ విద్యార్థి అక్కడి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగాడు. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ గుర్తింపు ఉన్నవాళ్లు వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ రిజర్వేషన్ పొందలేరని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అదే ఇప్పటికీ నడుస్తున్న న్యాయం. మీ ఇల్లు ఏ వరుసలోకి వస్తుందో పదో తరగతిలోనే తెలిస్తే దానికి తగ్గట్టు చదువుకోవచ్చు. ప్రవేశాల రోజున కిటికీ దగ్గర తెలిస్తే పిల్లాడి గుండె పగులుతుంది.

హైదరాబాద్‌లో ఇంటర్

పదో తరగతి పూర్తి కాగానే రాజురా తెలుగిళ్లలో ఒక మాట మొదలవుతుంది. “మనోణ్ని హైదరాబాద్‌ల ఏద్దాం బాపూ, ఆడ ఇంటర్ మంచిగుంటది” అని పెద్దకొడుకు అంటాడు. చుట్టాలబ్బాయికి అక్కడ ర్యాంకు వచ్చి ఉంటుంది. కార్పొరేట్ కాలేజీ వాళ్ల ఫోన్లు కూడా వస్తాయి. తండ్రి పీఎఫ్‌లోంచి డబ్బు తీసి కట్టేస్తాడు.

కట్టేముందు ఈ లెక్క చూడండి. మహారాష్ట్రలో మెడికల్ స్టేట్ కోటా సీటుకు సాధారణంగా పదీ పన్నెండూ రెండూ మహారాష్ట్రలోనే చదివి ఉండాలి. తెలంగాణలో లోకల్ అనిపించుకోవాలంటే అర్హత పరీక్షకు ముందు వరసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలన్నది మూల సూత్రం. పది రాజురాలో, ఇంటర్ హైదరాబాద్‌లో చదివినవాడు మొదటి లెక్కలో తప్పిపోతాడు, రెండో లెక్కలో రెండేళ్లు తక్కువవుతాడు. ఎన్‌ఐటీల లెక్క ఇంకో రకం. అక్కడ సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి, ఆ సొంత రాష్ట్రం నువ్వు పన్నెండు ఎక్కడ పాసయ్యావో దాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ చదివితే నాగ్‌పూర్ విశ్వేశ్వరయ్య ఎన్‌ఐటీలో సొంత కోటా, అక్కడ చదివితే వరంగల్‌లో. ఇంజనీరింగ్ ఒక్కటే కోరుకుని జేఈఈ మీదే గురి పెట్టినవాడికి హైదరాబాద్ నష్టం చేయకపోవచ్చు. డాక్టరు కావాలనుకునే పిల్లను మాత్రం పది తర్వాత రాష్ట్రం దాటించడం నా దృష్టిలో పొరపాటు. నియమాల్లో మినహాయింపులుంటాయి, ఏడాదికేడాది సవరణలూ వస్తుంటాయి. కాబట్టి ఆ ఏటి సమాచార పుస్తకం రెండు రాష్ట్రాలదీ చదివాకే అడుగు వేయండి. కాలేజీ ఏజెంటు మాట నమ్మి కాదు.

ఇంట్లోంచే చదువుకునేవాళ్లకు రాజురాలోనే డిగ్రీ కాలేజీ ఉంది, చంద్రపూర్‌లో చాలా ఉన్నాయి. ఇవన్నీ 2011లో గడ్చిరోలిలో ఏర్పడిన గోండ్వానా విశ్వవిద్యాలయం కిందివి. అంతకు ముందు మన జిల్లా పిల్లలు నాగ్‌పూర్ విశ్వవిద్యాలయం పట్టాలే పుచ్చుకునేవారు. చంద్రపూర్‌లో ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, 2015 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా ఉంది. ఐటీఐ, డిప్లొమా దారుల్ని చిన్నచూపు చూడకు. గనులూ సిమెంటు ఫ్యాక్టరీలూ ఇంటి పక్కన ఉన్న ఊళ్లో మైనింగ్ డిప్లొమా చేసి, గనుల భద్రత చూసే డీజీఎంఎస్ సంస్థ పరీక్ష రాసి ఓవర్‌మన్ అయిన కుర్రాడు ఊరికే పేరు కోసం ఇంజనీరింగ్ చదివినవాడి కంటే ముందు నిలదొక్కుకుంటాడు.

రోజూ బస్సులో వెళ్లి రావాలనుకునేవాళ్లు రెండు సంగతులు ముందే అనుకోవాలి. జులై, ఆగస్టుల్లో వర్ధాకు వరద పెరిగితే రాజురా–బల్లార్పూర్ వంతెన మీదుగా రాకపోకలు ఆగిపోతాయి. 2022 జులైలో జరిగింది అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో ప్రాక్టికల్సో ప్రవేశాల తేదీయో పడితే నదికి అవతల ఒక రాత్రి ఉండడానికి చుట్టమో స్నేహితుడో ఉండాలి. ఇక బస్సు పాస్. పల్లె నుంచి వచ్చే ఆడపిల్లలకు పన్నెండో తరగతి దాకా అహిల్యాబాయి హోళ్కర్ పథకం కింద ఎస్టీ, అంటే రాష్ట్ర రవాణా, బస్సు పాస్ ఉచితం. డిగ్రీలోకి రాగానే అది ఆగిపోతుంది. అప్పుడు విద్యార్థి రాయితీ పాస్ తీసుకోవాలి. ఉచిత పాస్ పోయిందని చదువు మానిపించిన ఇళ్లు ఉన్నాయి, అందుకే చెబుతున్నాను.

ఎవరెవరిని కలవాలి

సమారంభ్ రోజున అందరి మధ్యలో కాళ్లకు దండం పెట్టడం ఒకటి. పరీక్షలైపోయాక ఒక ఉదయం ఒంటరిగా టీచరు దగ్గరికి వెళ్లడం వేరు. వెళ్లు. మంచి లెక్కల సార్ ఉంటే ఆయన్ను సూటిగా ఒక మాట అడుగు: “సర్, నేను ఎక్కడ తడబడతానో మీరు చూశారు. కాలేజీలో ఏది సరిచూసుకోవాలి?” పదిమందిలో ఆయన చెప్పని మాట అప్పుడు చెబుతారు. వినేటప్పుడు అడ్డం చెప్పకు, ఇంటికొచ్చి కాగితం మీద రాసుకో. లాబ్‌లో గాజు సామాను కడిగిన మామను, గేటు దగ్గర శిపాయిని కూడా పలకరించు.

ఆ తర్వాత నీ బెంచీలో కూర్చున్నవాళ్లు. అందరూ కాలేజీకి రారు. ఒకడు గనిలో కాంట్రాక్టు లారీ మీద క్లీనరుగా వెళతాడు. ఒకడు బాపుతో పత్తి చేనుకు వెళతాడు. ఒక అమ్మాయికి వైశాఖంలో పెళ్లి కుదురుతుంది. ఒకడు తప్పుతాడు. ఫలితాల రోజు నీ మార్కుల ఫొటో గ్రూపులో పెట్టేముందు తప్పిన వాడి ఇంటికి వెళ్లు. వాడి చేతిలో ఫోన్ స్విచ్ ఆఫ్ అయి ఉంటుంది, తల్లి వాకిట్లో కూర్చుని ఉంటుంది. సప్లిమెంటరీ పరీక్ష కొద్ది వారాల్లోనే ఉంటుందని, ఫారం నింపడానికి నువ్వు తోడొస్తావని చెప్పు. చెప్పి ఊరుకోకు, ఆ వారంలోనే తీసుకెళ్లి నింపించు. నీ నోట్సు, నీ పాత ప్రశ్నపత్రాలు వాడికివ్వు. బడిలో నువ్వు సంపాదించుకున్న స్నేహం నిజమో కాదో ఆ వారంలో తేలుతుంది.

ప్రేమ విషయాలు కూడా ఈ వయసులో ఉంటాయి. దాచుకోవాల్సిన పని లేదు. మీరిద్దరూ వేరే ఊళ్లకు వెళుతుంటే, అవతలి మనిషి కోసం నీ కోర్సు మార్చుకోకు. ఇంతకంటే దీని మీద పెద్దగా చెప్పేదేమీ లేదు.

మొదటి నెలలు

సైన్సు తీసుకున్న మరాఠీ మీడియం పిల్లలకు ఇంగ్లీషు దెబ్బ పదకొండులోనే తగులుతుంది. ఆర్ట్స్, కామర్స్ పిల్లలకు పెద్ద కాలేజీకి వెళ్లాక తగులుతుంది. నాగ్‌పూర్‌లో హాస్టల్ గదిలో మొదటి వారం, పక్క మంచం మీద ఉన్నవాడు ఇంగ్లీషులో ఫోన్ మాట్లాడుతుంటే నువ్వు దుప్పటి ముసుగేసుకుని పడుకుంటావు. అలా పడుకోవద్దు. ఏ రోజు పాఠంలోంచి ఆ రోజు ఇరవై వాక్యాలు తీసుకుని, అర్థాన్ని మరాఠీలోనో తెలుగులోనో పక్కన రాసుకుని, పుస్తకం మూసి మళ్లీ ఇంగ్లీషులో చెప్పుకో. గట్టిగా, బయటికి వినిపించేలా. క్లాసులో ఇంగ్లీషు రాక సందేహం మింగేయడం కంటే మరాఠీలో అడగడం మేలు. నాగ్‌పూర్, చంద్రపూర్‌లలో లెక్చరర్లు మరాఠీలో అడిగితే కసురుకోరు. నాలుగు నెలలు ఇలా చేసిన పిల్లలు డిసెంబరు పరీక్షల నాటికి మిగతావాళ్లతో సమానంగా నిలబడతారు.

ఇంకొక మాట. తెలుగు వినిపించగానే ప్రాణం లేచొస్తుంది, నిజమే. హాస్టల్లో సిరొంచ నుంచి, కాగజ్‌నగర్ నుంచి వచ్చినవాళ్లు కనిపిస్తారు. వాళ్లతో కలిసి ఉండు, పండక్కి కలిసి వండుకోండి. కానీ గది, మెస్సు, చదువు అన్నీ ఆ నలుగురితోనే పెట్టుకుంటే కాలేజీకి వెళ్లీ రాజురాలోనే ఉన్నట్టు. చదువుకునే గుంపులో కనీసం ఇద్దరు నీ భాష రానివాళ్లు ఉండాలి.

డబ్బు సంగతి. స్కాలర్‌షిప్పులు మహాడీబీటీ పోర్టల్‌లోనే పెట్టుకోవాలి. దానికి ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా నీ పేరుతోనే ఉండాలి, బాపు పేరుతో కాదు. ప్రభుత్వ హాస్టల్లో చోటు దొరకని ఎస్సీ పిల్లలకు స్వాధార్, ఎస్టీ పిల్లలకు స్వయం పథకాలు తిండికీ వసతికీ డబ్బిస్తాయి. చాలామంది ఆఖరి తేదీ దాటాకే వీటి పేర్లు వింటారు. ఆదాయం సర్టిఫికెట్, డొమిసైల్, అవసరమైనవాళ్లకు నాన్ క్రీమీలేయర్, ఈ మూడింటికీ ఏప్రిల్‌లోనే తహసీల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకుంటే మేలు. అన్నిటికీ కలర్ జిరాక్సులు తీసి ఫైల్లో పెట్టు, ఫోన్‌లో స్కాన్ చేసి ఉంచు, అసలు కాగితాలు ఎవరికీ ఇచ్చి వదిలిపెట్టకు.

ఇంతదాకా పిల్లలతో మాట్లాడాను. చివరి మాట తల్లిదండ్రులతో. అమ్మాయి పన్నెండు పాసైంది, ఇక చాలు, ఫీజులెక్కడి నుంచి తేవాలి అనేవాళ్లు మన వాడల్లో ఇంకా ఉన్నారు. 2024–25 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వం, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్న ఓబీసీ, ఎస్ఈబీసీ, ఈడబ్ల్యూఎస్ ఆడపిల్లలకు, ప్రభుత్వ ప్రవేశ ప్రక్రియ ద్వారా వృత్తి విద్యా కోర్సుల్లో చేరితే, ట్యూషన్ ఫీజూ పరీక్ష ఫీజూ పూర్తిగా మాఫీ చేసింది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు వాళ్ల స్కాలర్‌షిప్పులు ముందు నుంచే ఉన్నాయి. ఇంజనీరింగ్, ఫార్మసీ, వ్యవసాయం అన్నీ ఆ ఫీజు మాఫీలోకి వస్తాయి. చంద్రపూర్ రాజురా నుంచి బస్సు దూరమే. సంబంధం చూడడానికి బయల్దేరే ముందు, ఒక్క రోజు ఆమెను వెంటబెట్టుకుని కాలేజీ ఆఫీసుకు వెళ్లండి. ప్రవేశ దరఖాస్తు నింపించి, రసీదు తీసుకుని ఇంటికి రండి.